కాలరక్క ఇంట్లో గడియ లేని తలుపు

చొక్కాల కార్ఖానాలో ఆమెను పేరుతో పిలిచేవాళ్లు లేరు. కాలరక్క అంటే చాలు. మిషను ఎక్కిన నాటి నుంచి కాలర్లు తప్ప ఇంకేమీ కుట్టలేదు. లోపల గట్టి బక్రం గుడ్డ పెట్టి కుట్టి, తిరగేసి, రెండు మొనలూ చక్కగా బయటికి లాగడంలో ఆమెకు ఆమే సాటి. నోరు కూడా ఆ మొనల్లాగే పదును. మేస్త్రీ అంతటివాడు ఆమె మిషను దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించుకునేవాడు. అలాంటి మనిషి ఇప్పుడు కార్ఖానా మానుకుని, ఇంట్లో బాత్రూము తలుపు బయట పీట వేసుకు కూర్చుని, "పాడరా, పాడు, ఆపకు" అంటోంది.

లోపల ఉన్నది ఆమె తమ్ముడు. నలభై దాటినా అందరికీ చిన్నోడే. బస్సు డ్రైవరు. కిందటి చలికాలం ప్రాణం తీసుకోబోయాడు. పక్కవాటా వాళ్లు చూసి ఆసుపత్రికి చేర్చారు కాబట్టి దక్కాడు. ఎందుకిలా చేశాడని ఆరా తీసిన చుట్టాలందరికీ తలో కారణం దొరికింది. అతనికి మాత్రం ఇదీ అని చెప్పడానికి ఒక్కటీ దొరకలేదు.

ఆసుపత్రి నుంచి అక్క తిన్నగా తన ఇంటికే తెచ్చుకుంది. బావ సరుకుల లారీ మీద తిరిగే మనిషి, ఆదివారాలు మాత్రమే ఇంటిపట్టున ఉంటాడు. వచ్చిన మొదటి ఆదివారమే స్క్రూడ్రైవరు పట్టుకుని ఇంట్లో ఉన్న గడియలన్నీ ఊడదీశాడు. పాపం, ఆయనకు తోచిన ప్రేమ అది. బాత్రూముకు గడియ లేకపోతే మగమనిషి స్నానం ఎలా చేస్తాడు? దానికి అక్క ఒక ఉపాయం కనిపెట్టింది. లోపల ఉన్నంతసేపూ చిన్నోడు పాడుతూ ఉండాలి. పాట ఆగిందా, తలుపు తోసుకుని వచ్చేస్తుంది.

వాడి గొంతేమో బస్సు హారనుకు తక్కువ, తలుపు కిర్రుకు ఎక్కువ. మొదట్లో ఇద్దరూ నవ్వుకున్నారు. తర్వాత నవ్వడం మానేశారు, పాట మాత్రం మానలేదు.

కాలర్లు ఇంటికి తెచ్చుకుని కుడదామంటే అదీ కుదరలేదు. మిషను చప్పుడులో వాడి అలికిడి వినపడదు. వాడు కళ్లెదుట ఉంటేనే కుట్టాలి. వాడు లేచి మంచినీళ్లకు వెళ్తే పాదం ఆగిపోయేది. కార్ఖానా వాళ్లకేమో "ఒంట్లో బాగాలేదు" అని చెప్పి పంపింది. నిజం చెబితే తమ్ముణ్ణి వింతగా చూస్తారని భయం.

ఇంట్లో ఇంకో కట్టుబాటు కూడా ఉండేది. చావు మాట ఎత్తకూడదు. ఎత్తితే వాడికి గుర్తుచేసినట్టవుతుందని అక్క గట్టి నమ్మకం. మామూలుగా మనం రోజుకు ఎన్నిసార్లు చస్తాం! ఆకలికి చస్తాం, ఉక్కకు చస్తాం, పిల్లల అల్లరికి చస్తాం. ఆ మాటలన్నీ మింగేసుకున్నారు. ఒకరోజు పిన్ని మెట్లెక్కి వచ్చి, "అబ్బబ్బ, చచ్చాననుకో!" అని కుర్చీలో కూలబడింది. అక్క కళ్లతో ఉరిమేసరికి, పాపం ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది. చేసిన తప్పు సర్దుకోవాలని, "మగాడివి, ధైర్యంగా ఉండాలి నాయనా" అని మొదలుపెట్టింది. చిన్నోడు బుద్ధిగా తలూపాడు. ఆ తలూపడం చూస్తే అక్కకు ఒళ్లు మండిపోయింది. పిన్ని మీదా, వాడి మీదా, తన మీదా. ఇంత ప్రేమ పెట్టుకుని వీణ్ణి ఎప్పుడూ ఇలా కాపలా కాయాల్సిందేనా అని ఏడుపు ముంచుకొచ్చింది. గడియలు ఎవరి కోసం ఊడదీశారో గానీ, బయటికి అడుగుపెట్టలేనిది ఇద్దరూ.

ఒక శనివారం మేస్త్రీ కబురు పంపాడు. సోమవారం రాకపోతే ఆ మిషను మీద ఇంకొకరిని కూర్చోబెడతాడట. చిన్నోడు స్నానానికి వెళ్తే, అక్క పీట మీద కూర్చుని దాని గురించే ఆలోచిస్తోంది. ఎంతసేపైందో ఏమో, లోపల పాట లేదు. కుళాయి చప్పుడొక్కటే ఉంది.

తలుపు తోసింది. చిన్నోడు బోర్లించిన బకెట్టు మీద కూర్చుని ఉన్నాడు. బట్టలు విప్పలేదు, నీళ్లు ముట్టుకోలేదు.

"పాటలు అయిపోయాయక్కా."

"ఏం మాయరోగంరా నీకు! నా గుండె ఆగిపోయింది" అని అరిచింది అక్క. అరిచాక వాడి మొహం సరిగ్గా చూసింది. ఇన్నాళ్లూ కాపలా కాసిందే గానీ, చూసిందెప్పుడు? మింగేసుకున్న మాట ఇక ఆగలేదు.

"చిన్నోడా, చచ్చిపోవాలని ఉందా? ఇవాళ ఉందా?"

అనేసి, గోడ పట్టుకుంది.

"ఉంది. రోజూ ఉండదు. ఇవాళ ఉంది."

"మరి నాకు చెప్పొచ్చు కదరా!"

"ఎలా చెప్పను? నోరు తెరిస్తే పాడమంటావు."

అక్క ఆ తడినేల మీదే చతికిలబడి భోరుమంది. చిన్నోడు లేచి కుళాయి కట్టేశాడు. తర్వాత అక్కడే కూర్చుని మాట్లాడాడు. కూడబలుక్కుంటూ, చెప్పిందే చెబుతూ, చాలాసేపు మాట్లాడాడు. అక్క ఒక్క సలహా కూడా ఇవ్వలేదు. ఆమె జన్మలో అంతసేపు నోరు మూసుకుని ఉండటం అదే మొదలు.

మధ్యాహ్నానికల్లా ఆసుపత్రిలో ఉన్నారు. డాక్టరమ్మ కూడా అదే ప్రశ్న, జ్వరముందా అని అడిగినంత మామూలుగా అడిగింది. "అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదమ్మా. అడిగేవాళ్లు లేకపోతేనే ఒంటరైపోతారు" అంది. మందు మార్చింది. బరువుగా ఉన్న రోజు ఎవరికి ఫోను చేయాలో, పక్కన ఎవరుండాలో వాడి నోటితోనే చెప్పించింది. పగలు పిన్ని వచ్చి కూర్చోవాలని తేలింది, ధైర్యం మాత్రం చెప్పకూడదని షరతు. చివర్లో అక్కవైపు తిరిగి, "మీరెలా ఉన్నారు?" అంది.

"నాకేం, గుండ్రాయిలా ఉన్నాను" అంది అక్క. అని కుర్చీలోంచి లేవలేకపోయింది.

సోమవారం ఉదయం పిన్ని వచ్చి కూర్చుంది. అక్క గుమ్మంలో నిలబడి అడిగింది.

"ఉందా?"

"ఉంది. మొన్నంత లేదు."

అక్కకు అడుగు పడలేదు. ఈ ప్రశ్న అడగకుండా ఇక ఏ ఉదయమూ గడప దాటలేనని తెలిసిపోయింది తనకు.

"వెళ్లక్కా. సాయంత్రం వచ్చి మళ్లీ అడుగు" అన్నాడు చిన్నోడు.

కార్ఖానాలో చుట్టూ చేరారు. ఒంట్లో ఎలా ఉందన్నారు. "ఒళ్లు కాదు, మా తమ్ముడు. చచ్చిపోదామనుకున్నాడు. ఇంకా అనుకుంటున్నాడు. ఇప్పుడు నాకు చెబుతున్నాడు" అంది అక్క, ఉన్నదున్నట్టు. ఒక్కొక్కరే తలవంచుకుని తమ మిషన్ల దగ్గరికి వెళ్లిపోయారు. అక్క మొదటి కాలరు చేతిలోకి తీసుకుంది.

పక్క మిషను ఇంకా కదల్లేదు. కఫ్‌లు కుట్టే ఆవిడ, ఏ రోజు పలకరించినా పలకని మనిషి, సగం కుట్టిన గుడ్డ ఒళ్లో పెట్టుకుని ఆమె వైపే చూస్తోంది.

"అక్కా, మీ తమ్ముణ్ణి ఎలా అడిగావు? మా అమ్మాయిని అడగాలి."