బదిలీ కాని ఓట్లు

వాక్కుకు అధిదేవత అయిన తల్లికి నమస్కరించి, ఈ ముసలి చేతికి వణుకునూ నా మాటకు ఆడంబరాన్నీ కొంత తగ్గించమని వేడుకొని, శుభకృత్ నామ సంవత్సర వైశాఖ శుద్ధ సప్తమి, భానువారం నాడు, టెక్కలిలో మా వీధి అరుగు మీద ఈ నాలుగు పుటలు రాయడానికి కూర్చున్నాను.

ఆ రోజుల్లో మా ఉద్దానపు బడిపంతుళ్లను గడగడలాడించే మాట ఒక్కటే ఉండేది. తుపాను కాదు, అది ఏటేటా వచ్చి కొబ్బరిచెట్లను పడగొట్టి తన దారిన పోయేది. తనిఖీ అధికారీ కాదు. ఆయనకు జీడిపప్పు వేసిన ఉప్మా పెడితే ఆ పూట ప్రతి బడీ ఆదర్శ పాఠశాలే. మా గుండెల్లో రాయి పడేసే మాట 'బదిలీ'. పలాసలో ఇల్లు కట్టుకున్నవాణ్ణి మందస కొండల మీది ఒంటిగది బడికి పంపించగల మాట అది. తెలుగు పండితుడిగా నేను ఎన్నో దుష్ట సమాసాలను చూశాను గాని, మూడక్షరాలతో ఇంతమంది నిద్ర చెడగొట్టిన పదాన్ని మరొకదాన్ని ఎరగను. (అది మన భాషలో పుట్టిన పదం కాదనీ, పరాయి పదమనీ అప్పట్లో అందరికీ చెబుతూ ఉండేవాణ్ణి. అందువల్ల ఎవరికీ ఊరట కలిగినట్లు గుర్తులేదు.)

ఈ ఉదయం ఆ మాటను మళ్లీ నా చెవిన వేసినవాడు మా పక్కింటి విశ్రాంత పోస్టుమాస్టరు. ఆయన రోజూ మా అరుగు మీద కూర్చుని ప్రపంచవార్తలన్నీ పైకి చదువుతాడు. "పంతులుగారూ, ఈ సిత్రం ఇన్నారా? స్కాట్లాండులో ఊళ్ల సభలకి ఎన్నికలై ఫలితాలొచ్చాయట. అక్కడ బదిలీలు ఓట్లకేనట! మనుసులకి కాదండి, ఓట్లకి," అన్నాడు. అక్కడ ఓటరు ఒక్కరికే ముద్ర వేసి ఊరుకోడట. తనకు అందరికంటే నచ్చినవారి పేరు పక్కన ఒకటి, తరువాతివారి పక్కన రెండు, ఆపైన మూడు, ఇలా అంకెలు వేస్తాడట. ఒకచోట మొదటి లెక్కింపులో వెనుకబడిన మనిషి, ఇతరుల చీటీల మీది రెండో అంకెలు వచ్చి చేరగా చివరికి గెలిచి సభలో కూర్చున్నాడట. "ఎంత అదృష్టవంతుడండీ!" అని పోస్టుమాస్టరు నవ్వాడు. నేనూ నవ్వాను. ఆయన కాఫీ తాగి వెళ్లిపోయాక లోపలికి వెళ్లి కాగితాలూ కలమూ తెచ్చుకున్నాను. ఆ అదృష్టం త్రుటిలో తప్పిపోయిన మనిషిని నేను ఎరుగుదును. ఆయన మా బావ.

మా అక్క భర్త ఆయన. సోంపేట దాటి, జీడితోటలూ ఇసుకమేటలూ దాటి, సముద్రం అంచున చేపలు పట్టేవారి పల్లెలో ఇద్దరు పంతుళ్ల బడిలో ఆయన రెండోవాడు. అందుచేత ఊళ్లోనూ సంఘంలోనూ ఆయనకు 'రెండో మేష్టారు' అనే పేరు స్థిరపడిపోయింది. ఎవరినీ ఏదీ అడగని మనిషి. నేను అప్పుడే సంస్కృతాంధ్రాలు చదివి, తెలుగు పండితుడి ఉద్యోగం సంపాదించి, కుచ్చెళ్లు పోసిన పంచె కట్టి, వ్యాకరణయుక్తంగా మాట్లాడుతూ తిరిగే రోజులు. బావ నన్ను 'పండితా' అని పిలిచేవాడు. అందులో గౌరవం ఉందని చాలాకాలం అనుకున్నాను.

ఆ ఏడు అక్కకు కాళ్లు వాచాయి. నీరు పట్టిందన్నారు, ఉప్పు మానమన్నారు. ఇప్పుడైతే మా ఉద్దానంలో చిన్నపిల్లలు కూడా అది కిడ్నీ జబ్బని చెబుతారు. అప్పటికి మాకు దాని పేరు తెలియదు. వారం వారం టెక్కలి ఆసుపత్రికి తీసుకురమ్మన్నాడు డాక్టరు. ఆ పల్లె నుంచి బస్సు రోడ్డుదాకా ఇసుక. అందులో సైకిలు తొక్కడం కుదరదు. బావ అక్కను సైకిలు మీద కూర్చోబెట్టి, ఆ బరువుతో చక్రాలు దిగబడుతుంటే తోసుకుంటూ వచ్చేవాడు. వాచిన పాదాలకు చెప్పులు పట్టక అక్క వాటిని ఒడిలో పెట్టుకుని కూర్చునేది. టెక్కలికి మార్చమని బావ పెట్టుకున్న అర్జీలకు జవాబు లేదు. మిగిలిన దారి ఒక్కటే. మా ఉపాధ్యాయ సంఘం కార్యవర్గంలో ఉన్నవారిని కార్యాలయం ఉన్న టెక్కలి బళ్లలోనే ఉంచే ఆనవాయితీ ఒకటి ఉండేది. అందరూ బదిలీని తప్పించుకోవడానికి కార్యవర్గంలోకి వెళితే, బదిలీ కావాలని ఎన్నికల్లో నిలబడినవాడు మా బావ ఒక్కడే.

"నా కాళ్ల కోసం మీరు ఊరూరా తిరిగి సేతులు జోడించడం ఏటండీ?" అని అక్క కోప్పడింది.

"జోడిత్తే అరుగుతాయేటి?" అన్నాడు బావ.

సంఘంలో పలాస జట్టు, టెక్కలి జట్టు అని రెండు ఉండేవి. వాటి తగవు తెగక, ఒక విశ్రాంత న్యాయవాదిగారు ఎక్కడో చదివిన పద్ధతిని మాకు నిబంధనగా రాసిచ్చారు. ఈ ఉదయం పోస్టుమాస్టరు చదివినదీ అదే. స్థానాలు మూడు, అభ్యర్థులు ఐదుగురు: జట్టుకు ఇద్దరు చొప్పున నలుగురు, ఏ జట్టూ లేని మా బావ. గెలుపుకు అవసరమైనన్ని ఓట్లను మించి ఎవరికైనా వస్తే, ఆ మిగులు వృథా కాకుండా, ఆ చీటీల మీద 'రెండు' అని ఎవరి పక్కన ఉంటే వారికి వెళుతుంది. ఎంతో న్యాయమైన ఏర్పాటు. కాని ఆయన దానికి 'బదిలీ ఓటు' అని పేరు పెట్టారు. (పంతుళ్ల సంఘంలో ఇంతకంటే అశుభమైన పేరును పగవాడు కూడా పెట్టలేడు.)

మొదట అంతా బాగానే నడిచింది. బావ సైకిలు తొక్కగా నేను వెనక కూర్చుని, జలంత్రకోట మొదలు మందస దాకా బడిబడికీ తిరిగాం. ఎక్కడికి వెళ్లినా ఒకటే మాట: "మావా, మొదటిది మా జట్టోడికి ఇయ్యకపోతే బాగోదు. రెండోది మాత్రం నీకే. నీకు కాక ఇంకెవలికిత్తాం?" పలాస జట్టువారూ అదే అన్నారు, టెక్కలి జట్టువారూ అదే అన్నారు. ఇద్దరు నాయకులకూ మిగులు పుష్కలంగా వస్తుందని అందరికీ తెలుసు. ఆ మిగులంతా బావదే. తిరుగు ప్రయాణంలో ఆయన సైకిలు మీద ఈలవేయడం అప్పుడే మొదటిసారి విన్నాను. "పండితా, రెండోవాడుగా ఉండడం ఇన్నాళ్లకు కలిసొచ్చిందిరా," అన్నాడు.

ఆ వారమే కాశీబుగ్గ టీ దుకాణంలో ఒక డ్రాయింగు మేష్టారు, నమూనా చీటీని వెలుతురుకు ఎత్తి చూసి, అనుమానం బయటపెట్టాడు. "బదిలీ అని దీనిమీద రాసే ఉన్నాది కదా. ఓటెల్లిన కాడికి మనిసి ఎల్లక తప్పుతాదేటి?" అన్నాడు. అందరూ నవ్వారట. నవ్వుతూనే టీ పూర్తిచేసి, నవ్వు లేకుండా ఇళ్లకు వెళ్లారట. చదువుకున్నవాళ్లు దీన్ని నమ్మారా అని మీరు అడగవచ్చు. నమ్మలేదు. కాని బదిలీ విషయంలో నమ్మకపోవడం వేరు, తెగించడం వేరు. పైగా ఇంకొకరు మరో ముడి వేశారు: "నువ్వు రెండో అంకె ఎవలికేసేవో జట్టు పెద్ద సూత్తాడు. జట్టు మీద ప్రేమ సగమేనని తెలిసిపోద్ది. ఆనక మందస కొండెక్కిత్తారు." ఆ మాటతో భయానికి తర్కం కూడా తోడైంది.

ఈ అపోహను భాషాపాండిత్యంతో తొలగించగలననుకున్నాను. మందసలో జరిగిన పంతుళ్ల సమావేశంలో బావకోసం లేచి, ఉత్తరీయం సవరించుకుని, "మిత్రులారా! దోషమంతా ఆ పరభాషాపదమునందే యున్నది. దీనిని బదిలీ యనరాదు. సంక్రమణ మనవలెను. ఓటు ఒకరినుండి మరియొకరికి సంక్రమించును," అన్నాను.

వెనక బల్ల మీంచి ఒక గొంతు: "అంటే గజ్జిలాగేటండీ?"

సభ గొల్లుమంది. ఇంకొకాయన తాపీగా, "గజ్జైతే నయమేనండి బాబూ, మందున్నాది. బదిలీకి మందేదీ?" అన్నాడు. నా తరువాతి మాటలు నాకే వినపడలేదు. బావ మాత్రం కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వి, బయటికి వచ్చాక నా భుజం మీద చెయ్యివేసి, "ఇంత బాగా నవ్వించినోడికి అడగకుండానే ఓట్లేత్తారు. నువ్వే నిలబడవలసిందిరా," అన్నాడు.

లెక్కింపు టెక్కలి బడి హాలులో జరిగింది. అది అక్క ఆసుపత్రికి వచ్చిన రోజే కావడంతో, మందులు తీసుకుని వచ్చి వరండాలో ఒక బల్ల మీద కూర్చుని, ఎదుటి బల్ల మీద కాళ్లు చాచుకుంది. ఎన్నికల అధికారి మా లెక్కల మేష్టారు. అంకె పలికితే అది శాసనంలా వినిపించే మనిషి. మొదటి లెక్కింపులో అనుకున్నట్టే ఇద్దరు నాయకులూ పెద్ద మిగులుతో గెలిచారు. టెక్కలి జట్టు రెండో మనిషి బాగా వెనకబడ్డాడు; మూడో స్థానానికి పలాస జట్టు రెండో మనిషి మా బావకంటే కొద్దిగా ముందున్నాడు. కొద్దిగానే. మిగులు చీటీల్లో పిడికెడు పడితే చాలు. బావ నావైపు చూసి కళ్లతో నవ్వాడు.

లెక్కల మేష్టారు పలాస నాయకుడి చీటీలను మళ్లీ తెరవడం మొదలుపెట్టాడు. "రెండో అంకె లేదు," అన్నాడు. పక్కన పెట్టాడు. "లేదు." ఇంకొకటి. "లేదు." ఆ గొంతులో మొదట ఉన్న అధికారం చీటీ చీటీకీ తగ్గుతూ వచ్చింది. ఒకాయన రెండో అంకెను కూడా మొదటి అభ్యర్థికే వేసి తన విధేయతను చాటుకున్నాడు. అక్కడక్కడా ఒకటీ అరా బావకు వచ్చాయి. తరువాత ఒక చీటీ దగ్గర మేష్టారు ఆగిపోయి, కళ్లద్దాలు తుడుచుకుని, మళ్లీ చూశాడు. బావ పేరు పక్కన అంకె లేదు. గుండ్రటి అక్షరాలతో 'నమస్కారం' అని ఉంది.

"నమస్కారం అంకె కాదు కదండీ," అన్నాడు లెక్కల మేష్టారు. తప్పు తానే చేసినట్టు తల వంచుకుని, దాన్ని చెల్లని కట్టలో పెట్టాడు. టెక్కలి నాయకుడి చీటీలు కూడా అలాగే తెల్లగా వచ్చాయి. మూడో స్థానం పలాస జట్టుకు పోయింది.

హాలులో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒక్కొక్కరే బావ దగ్గరికి వచ్చి చేతులు పట్టుకున్నారు. "మావా, రాద్దామనే ఎల్లాను... పెన్ను ఎత్తేసరికి పిల్లలు గుర్తొచ్చారు," అన్నాడు ఒకాయన, నిజంగానే కళ్లనీళ్లతో. "ఇంతమంది రాసుంటారు, నానొక్కణ్ణి రాయకపోతే ఏటౌద్దిలే అనుకున్నాను మావా," అన్నాడు ఇంకొకాయన. వాళ్లందరినీ బావే ఓదార్చాడు. "ఆ నమస్కారం పెట్టినోడెవలో గాని, దస్తూరీ ముచ్చటగా ఉన్నాదిరా," అన్నాడు. అప్పుడు నవ్వారు పాపం అందరూ.

వరండాలో అక్క నా ముఖం చూసి గ్రహించింది. "ఏటిరా తమ్ముడూ, రెండోవి కూడా రానేదా?" అంది. నేను జరిగినదంతా చెప్పాను. గజ్జి సంగతి కూడా చెప్పాను. అంత బాధలోనూ ఆమె పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. తరువాత భర్త వైపు చూసింది. ఆయన సైకిలు చక్రంలో గాలి చూస్తున్నట్టు వంగాడు. "ఏటండీ, నాకు ఓటుంటే మొదటిదీ మీకే, రెండోదీ మీకే రాసుందును. అదీ సెల్లేది కాదనుకోండి," అంది. ఆయన అలాగే వంగి ఉండి, "సెల్లకపోయినా బాగుండేది," అన్నాడు.

బస్సు దిగి, దాని మీంచి సైకిలును దింపుకునేసరికి పొద్దు వాలుతోంది. అక్కను సైకిలు మీద కూర్చోబెట్టాం. బావ ముందు పట్టుకున్నాడు, నేను వెనక తోశాను. ఆ ఇసుకలో అడుగడుగునా చక్రాలు దిగబడ్డాయి. జీడితోటల అవతల సముద్రం హోరు వినిపించేచోట అక్క వెనక్కి తిరిగి, "అలిసిపోయావేటిరా?" అని నన్ను అడిగింది. లేదన్నాను. అంతకంటే గొప్ప మాట ఏదీ నా పాండిత్యానికి ఆ క్షణంలో దొరకలేదు.

ఇప్పుడు నేను పట్టభద్రుల శాసనమండలి ఎన్నికకు వెళ్లినప్పుడల్లా, చీటీ మీద ఉన్న పేర్లన్నింటికీ, ముక్కూ ముఖం ఎరగని చిట్టచివరి అభ్యర్థి దాకా, వరుసగా అంకెలు వేస్తాను. చెయ్యి వణుకుతుంది కనుక చాలాసేపు పడుతుంది. కిందటిసారి వరుసలో నా వెనక నిలబడ్డ కుర్రవాడు, "పంతులుగారు లోపల పద్యం రాత్తన్నారేటి?" అని విసుక్కోవడం నాకు స్పష్టంగా వినిపించింది. తొందరపడలేదు. చివరి అంకెను కూడా గుండ్రంగా దిద్ది, ఒకసారి సరిచూసుకుని, మడిచి వేసి బయటికి వచ్చాను. ఏళ్లు మీదపడిన మనిషిని ఆమాత్రం చాదస్తానికి మీరైనా మన్నించాలి.

మా సంఘం ఎన్నిక జరిగిన ఆ ఏడాదే మార్గశిర బహుళ నవమి, బుధవారం ఉదయం, సముద్రపు పల్లెలో బడి పక్క ఇంట్లో మా అక్క కన్నుమూసింది. ఆ తరువాత బావ బదిలీ కోరలేదు.