అన్న బండికి వేసిన లావు వైరు

మా అన్న పికప్ బండిలో బ్యాటరీ నుంచి సీటు వెనక దాకా నేను లాగిన ఎర్ర కేబులు బొటనవేలంత లావు ఉండేది. పత్తీ మిరపకాయలూ తోలే బండికి, పాటల కోసం అంత వైరు వేయించుకున్న మనిషిని నరసరావుపేటలో నేను ఇంకొకణ్ణి చూడలేదు. బళ్ల వైరింగు నా వృత్తి. ఆ కేబులు చూసినవాళ్లంతా నన్ను మెచ్చుకున్నారు. ఇప్పుడు ఆ పని తలుచుకుంటే నన్ను నేను తన్నుకోవాలనిపిస్తుంది.

అన్న నాకంటే తొమ్మిదేళ్లు పెద్ద. చిలకలూరిపేటలో ఒక నూలు మిల్లులో పద్దెనిమిదేళ్లు మరల మధ్య నిలబడి పనిచేశాడు. ఆ రొద పడలేక మానేసి, నూజెండ్ల దగ్గర మా ఊరికి వచ్చి పాత పికప్ కొనుక్కున్నాడు. వారమంతా కిరాయిలు తిరిగేవాడు గానీ ఆదివారం బండి తాళం ముట్టుకునేవాడు కాదు. మా చర్చిలో పాట ఎత్తేది అన్నే. డోలక్కూ తాళాలూ తప్ప మాకు వేరే వాయిద్యం లేదు. అన్న ఎత్తిన శ్రుతిలోనే అందరం పాడాలి. మా నాన్న సమాధి దగ్గర అందరి గొంతులూ పూడుకుపోతే, చివరి చరణం దాకా నిలబడి పాడింది అన్నొక్కడే.

అలాంటివాడు ఒకరోజు నా షాపుకొచ్చి బండిలో మంచి పాటల సెట్టు పెట్టమన్నాడు. పెట్టాను. పది రోజులకే మళ్లీ వచ్చి సౌండు చాల్లేదన్నాడు. ముసలోడికి దసరా పండగంటే ఇదేనని నవ్వాను. ఆంప్లిఫయరూ పెద్ద వూఫరూ బిగించాను. అప్పుడు ఇంకో తంటా వచ్చింది. డోలక్కు దెబ్బ పడ్డప్పుడల్లా హెడ్‌లైట్లు మసకబారేవి. కంపెనీ ఇచ్చిన సన్న వైర్లు అంత కరెంటు మోయలేవు. అందుకని డైనమో నుంచి బ్యాటరీకి, బ్యాటరీ నుంచి ఛాసిస్‌కి, ఇంజను నుంచి ఛాసిస్‌కి పాతవి పీకేసి వెల్డింగు కేబులు వేశాను. ఎర్తు బోల్టు కింద రంగు గీకి, ఇనుము మెరిసేదాకా ఉప్పు కాగితంతో రుద్దాను. రంగు మీద బోల్టు బిగించేవాడు నా దృష్టిలో మెకానిక్కే కాదు.

అయినా అన్న, "ఇంకా తక్కువగానే ఉందిరా," అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. పాట పెట్టి, మీటరు ముల్లు చూపించి, ఎక్కడా కరెంటు పడిపోవడం లేదని గట్టిగా చెప్పాను. అన్న మీటరు చూడలేదు. నా నోటి వంక చూశాడు. తరవాత డోరు స్పీకరు మీద అరచెయ్యి ఆనించి, కాసేపు అలాగే ఉంచి, సరేలే అని వెళ్లిపోయాడు. నా పనికి వంకలు పెడుతున్నాడని నేను ఆ పూట అన్నం కూడా సరిగా తినలేదు.

ఆ రోజుల్లోనే ఒకసారి వదిన, ఇంట్లో పిలిస్తే మీ అన్న పలకడం లేదని చెప్పుకుంది. పెళ్లయి పాతికేళ్లయ్యాక ఏ మొగుడు పలుకుతాడు వదినా అన్నాను. అందరం నవ్వాం. అన్న కూడా నవ్వాడు, మా మొహాలు చూసి, కొంచెం ఆలస్యంగా. ఆ ఆలస్యం నేను చూశాను. దాన్ని పట్టించుకోలేదు.

అలా రెండేళ్లు గడిచాక, గుడ్ ఫ్రైడే ఆరాధనలో పాట అయిపోయింది. పాస్టరు గారు ప్రార్థన మొదలుపెట్టారు. అన్న ఒక్కడే కళ్లు మూసుకుని ఇంకా పాడుతున్నాడు. శ్రుతి ఎక్కడికో జారిపోయింది. వెనక బెంచీల్లో పిల్లలు కిసుక్కుమన్నారు. సంఘ పెద్ద ఒకాయన వెళ్లి భుజం మీద చెయ్యి వేస్తే అన్న కళ్లు తెరిచి, చుట్టూ చూసి, నోరు మూసుకున్నాడు. ఆ మొహం నేను చచ్చేదాకా మరవను.

అప్పుడు నేనేం చేశానో చెప్పాలంటే సిగ్గుగా ఉంది. ఆరాధన అవగానే వెళ్లి మైకు వైరు చూశాను. పాడేవాడి ఎదురుగా ఒక స్పీకరు బాక్సు లేకపోతే వాడి గొంతు వాడికెలా వినపడుతుందని పెద్దల మీద ఎగిరాను. మళ్లీ వైరే. బయటికొస్తే అన్న బండిలో కూర్చుని ఉన్నాడు. ఆదివారం కొత్త బాక్సు బిగిస్తానని కిటికీలోంచి అరిచాను.

"బాక్సు కాదురా. నా చెవులు పోతన్నయ్యి. మిల్లులో ఉన్నప్పుడే మొదలైంది," అన్నాడు. "కొత్త పాటలు ఫోన్లో వినపడక ఈ సెట్టు పెట్టించుకున్నా. దెబ్బ చేతికి తగిల్తే తాళమన్నా దొరుకుద్దని."

నాకెందుకు చెప్పలేదని అడిగాను.

"చెబితే నన్ను పాట ఎత్తనిస్తారా?"

నేను డోరు పట్టుకుని ఏడ్చాను. గుంటూరులో చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. నరాలు దెబ్బతిన్నాయనీ, తిరిగి రావనీ డాక్టరు చెప్పారు. ఎప్పటి నుంచి గమనిస్తున్నారని అడిగారు. ఎదురుగా నిలబడి రెండేళ్లు మీటరు చూశానని ఎలా చెప్పను? చెవి మిషను పెట్టించాం. మాటలు కొంత అందాయి గానీ రాగం అందలేదు. రేకు డబ్బాలో రాళ్లు వేసి ఊపినట్టుందన్నాడు. ఆ మాట అన్న వారమే, ఎవరూ అడగకముందే, పాటల పుస్తకం వేరే ఆయన చేతిలో పెట్టి చివరి బెంచీలో కూర్చున్నాడు.

వెనక లారీ హారను కొట్టినా వినపడక రెండుసార్లు త్రుటిలో తప్పించుకున్నాక, బండి అమ్మేద్దామని తనే అన్నాడు. మాచవరం నుంచి వచ్చిన ఆసామి, బండి బాగుంది గానీ ఈ పాటల సెట్టు నాకొద్దు, తీసేసి ఇవ్వమన్నాడు. బండి నా షాపుకే వచ్చింది. అన్న పక్క సీట్లో ఎక్కి కూర్చున్నాడు. తీసేముందు ఒక్కసారి పెట్టమన్నాడు. నాన్న సమాధి దగ్గర తను పాడిన పాట పెట్టాను. అన్న డోరు మీద చెయ్యి ఆనించాడు. అరచెయ్యి ఆనే చోట డోరు అట్ట నున్నగా అరిగిపోయి ఉంది. మొదటి చరణం దాకా పెదవులు కదిపాడు. గొంతు బయటికి రానివ్వలేదు.

నేను బానెట్ ఎత్తి, బ్యాటరీ పక్కన సెట్టు కోసం నేనే బిగించిన ఫ్యూజు లాగేశాను.

అన్న చెయ్యి తీయలేదు.

"ఆపేశావా?" అన్నాడు.

ఆపేశానన్నా అన్నాను. ఎత్తిన బానెట్ అడ్డం ఉండి అన్నకు నా నోరు కనపడలేదు. అన్న మళ్లీ అడిగాడు.