పద్దెనిమిది పానీపూరీలు

నా పెళ్ళి సంబంధం పద్దెనిమిది పానీపూరీల దగ్గర చెడిపోయింది. మీరు హాయిగా నవ్వుకోండి. నాకు మాత్రం ఇప్పటికీ చేదుగానే ఉంది.

తొంభై ఎనిమిదిలో మాట. అల్లవరం కొబ్బరితోటల ఆసామి గారమ్మాయి సత్యవతిని చూసొచ్చాను. చూసిన దగ్గర్నుంచీ నాకు అన్నం సయించలేదు. ఇక వాళ్ళు ఔననడమే తరువాయి. ఆ మాట చెప్పేముందు కుర్రాణ్ణి ఓసారి దగ్గరగా చూద్దామని వాళ్ళ నాన్నగారు అమలాపురం వచ్చారు.

బుద్ధున్నవాడైతే ఏ హోటల్లోనో పెసరట్టు పెట్టించి పంపేవాడు. అప్పుడే మా ఊళ్ళో ఉత్తరాది పానీపూరీ బండి ఒకటి దిగింది. మిరపకాయ బజ్జీ, పిడత కింద పప్పు తప్ప ఎరగని మాకు అదో వింత. దాని ముందు ఆయన్ని నిలబెడితే నన్ను లోకం చూసినవాడనుకుంటారని నా వెర్రి.

"నోరు పెద్దగా తెరిచి ఒకేసారి వేసేసుకోవాలండి, మావయ్యగారూ!" అన్నాను. ఏమీ కుదరకుండానే మావయ్యగారు!

ఆయన సగం కొరికారు. మిగతా సగంలోని పుదీనా నీళ్ళు తెల్ల లాల్చీ మీద కారాయి. రెండోది మొత్తం వేసుకున్నారు. కళ్ళవెంట నీళ్ళొచ్చాయి.

"ఆయ్, బాగుందండి. చాలండి బాబూ."

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. మా వైపు "చాలు" అంటే చాలని కాదు. మొదటి చాలు మొహమాటం, రెండోది మర్యాద, మూడోదాన్ని కూడా లెక్కచెయ్యకుండా వడ్డిస్తేనే మనిషి కింద జమ. వడ్డించింది వదిలెయ్యడం తినేవాళ్ళకి మర్యాద కాదు. మేమిద్దరం ఆ పద్ధతిలోనే పుట్టి పెరిగాం. ఎవరు ఆపుతారు?

"అబ్బే, అలాగంటే ఎలాగండీ! ఇంకొక్కటి. వెయ్యవయ్యా!"

"వద్దండి, కడుపులో..."

"మా ఊరొచ్చి ఆకలితో వెళ్తారేంటండీ? నా మీద ఒట్టే!"

ఆ తర్వాత ఆయన నోరు ఖాళీ లేక చెయ్యి అడ్డంగా ఊపారు. ఎంత పెద్దమనిషో, అడగడానికి సిగ్గుపడుతున్నారు అనుకున్నాను. పద్దెనిమిదోది మింగి, దొన్నె కింద పెట్టి, బస్టాండు వైపు పరుగులాంటి నడక అందుకున్నారు. అల్లవరం వెళ్ళేలోగా ఆ బస్సు స్టాపులు లేనిచోట మూడుసార్లు ఆగిందట.

వారం తర్వాత సంబంధం తెచ్చిన సుబ్బారావుగారు వచ్చారు.

"కుదర్లేదండి."

"మావయ్యగారికి కోపమొచ్చిందాండీ?"

"ఆయనకేం లేదండి. కుర్రోడు మర్యాదస్తుడనే అన్నారు. అమ్మాయే ఒప్పుకోలేదండి."

"ఏమందండీ?"

ఆయన కండువా సర్దుకున్నారు. "'మా నాన్న అన్నిసార్లు వద్దన్నా వినని మనిషి, రేపు నేను వద్దంటే వింటాడా?' అందండి."

నవ్వొచ్చే మాటే. నాకు రాలేదు. అందులో తప్పేమీ కనబడకపోవడమే నన్ను ఎక్కువ ఏడిపించింది.

అందుచేత అన్నపూర్ణాదేవి సాక్షిగా ప్రమాణం చేశాను. ఎవరైనా ఒక్కసారి చాలు అంటే నా చేతిలో గరిటె అక్కడే ఆగిపోతుంది. చుట్టాలు మా ఇంట్లో అర్ధాకలితో లేచి, వీధిలోకెళ్ళి నన్ను పిసినారని తిట్టుకుంటున్నారు. తిట్టుకోనివ్వండి.