పోతురాజు గద్దె కింద బెంచ్‌మార్క్

1962. దివిసీమ చివర, సముద్రపు పోటు కాలవల్లోకి ఎగదన్నే ఒక ఊరు. నేను సర్వే పార్టీలో నేల ఎత్తులు కొలిచే లెవెలర్‌ని. బడి చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. మిగతాది పాత పుస్తకాలు కొనుక్కుని నేర్చుకున్నాను. ఆ ఊరివాళ్ళు మూఢులనీ, సైన్సును పాడుచేశారనీ ఇప్పటికీ నవ్వుకునే పెద్దమనుషులున్నారు. వాళ్ళకి జవాబు చెప్పకుండా పోవడం నాకిష్టం లేదు.

మా పై అధికారి రామనాథం గారు జియోఫిజిసిస్టు. అగ్నిపర్వతాల దగ్గర నేల ఎలా ఉబ్బుతుందో, భూకంపం తర్వాత ఎలా కుంగుతుందో కొలిచిన మనిషి. మన డెల్టాలో నేల కుంగుతోందా అని చూడటానికి వచ్చారు. ఎత్తు తెలిసిన రాయిని బెంచ్‌మార్క్ అంటారు. తెల్లవాళ్ళ కాలంలో పాతిన ఆ రాళ్ళను మళ్ళీ కొలిచి, పాత ఎత్తుతో పోల్చడం మా పని. గుడివాడ నుంచి బందరు మీదుగా కొలుచుకుంటూ వచ్చాం. సముద్రం దగ్గరయ్యేకొద్దీ రాళ్ళు కాస్త కాస్త కుంగాయి. ఈ ఊళ్ళో రాయి మాత్రం, మాకంటే ముందు వెళ్ళిన జట్టు పంపిన లెక్కలో, ఏకంగా మూరెడు పైకి లేచింది!

బందరులో కాలవలూ కట్టలూ చూసే ఇంజనీరుకి పండగే అయింది. పోటుకి ఉప్పునీళ్ళు చేలల్లోకొచ్చి వరి మాడిపోతోందని, కరకట్ట పొయ్యమని ఊరు ఏళ్ళ తరబడి మొత్తుకుంటోంది. “నేలే లేస్తుంటే ఇంక కట్టెందుకయ్యా?” అని ఫైలు కట్టెయ్యబోయాడు.

“కింద ఏ లావా తోసిందండీ దాన్ని?” అన్నారు రామనాథం గారు. “రాయిని నేను చూడాలి.”

వెళ్ళాం. రాయి ఎత్తయిన గద్దె మీద, ఒళ్ళంతా పసుపుతో ఉంది. సర్వేవాళ్ళు చెక్కిన బాణం గుర్తును త్రిశూలం అనుకుని ఊరంతా దాన్ని పోతురాజుగా కొలుస్తోంది. బొట్లు పెడుతున్న వెంకాయమ్మను అడిగారు. చేను ఉప్పుకి పోయిన మనిషి ఆవిడ.

“ఈ రాయిని ఎవరన్నా కదిపారా అమ్మా?”

“కదపటమేంటి బాబూ! ఎత్తుకున్నాం. సామి పాదాలు ఉప్పునీళ్ళల్లో నానతా ఉంటే చూస్తా కూచుంటామా? తడిసినప్పుడల్లా గద్దె మీద గద్దె కట్టాం.”

“పాత గద్దె తీసేసి కట్టారా?”

“సామి కూచున్న పీట ఎవరన్నా తీస్తారా? మీ ఇంట్లో తీస్తారేంటి?”

సంగతి తెలిసి మర్నాడు జీపులో ఇంజనీరు దిగాడు. “సర్కారు రాయిని కదిపినందుకు కేసు పెడతా. ఇక కుంగిందనడానికి రుజువూ లేదు, మీకు కట్టా లేదు.” నా వైపు తిరిగి, “పీకించవయ్యా దాన్ని” అన్నాడు.

చేతిలో స్టాఫ్, అంటే అంకెలేసిన పొడుగాటి కొలబద్ద, కింద పెట్టేశాను. “నేను పీకించనండి.”

“నీ చదువెంత?”

“ఇది తప్పని తెలిసేంత ఉందండి.”

వెంకాయమ్మ కొంగు బిగించి గద్దెకి అడ్డంగా కూచుంది. “పెట్టుకో బాబూ కేసు. కోర్టుకి పోతురాజు కూడా వత్తాడు. బండి కట్టించు.”

రామనాథం గారు ఆవిడ ముందు నిలబడి, “సామిని ముట్టుకోం. గద్దె పక్కన తవ్వుకోనిస్తావా అమ్మా?” అని అడిగారు.

“తవ్వండి. చెప్పులిప్పి తవ్వండి.”

ఇప్పాం. ఊరి మగవాళ్ళే పార పట్టారు. సున్నం, దాని మీద ఉప్పు బురద, మళ్ళీ సున్నం, మళ్ళీ బురద. అన్నిటికంటే అడుగున, మొదట రాయిని నిలబెట్టిన కాంక్రీటు దిమ్మ చెక్కు చెదరకుండా ఉంది. స్టాఫ్ దాని మీద పెట్టాను. రామనాథం గారు స్వయంగా దుర్భిణిలో అంకె చూశారు. పాత రికార్డు ప్రకారం దిమ్మ ఉండాల్సిన ఎత్తులో లేదు. దారిలో మేం కొలిచిన ఏ రాయికన్నా ఎక్కువ కిందికి దిగిపోయింది.

“పూజ గద్దెలు కూడా రుజువేనా?” అన్నాడు ఇంజనీరు.

“బూడిద పొరలు చూసి అగ్నిపర్వతం చరిత్ర రాస్తామండీ. ఉప్పు పొరలు చూసి ఈ ఊరి చరిత్ర రాస్తే తప్పేంటి? సంతకం నేను పెడతాను.”

పెట్టారు. నన్ను ఆ నెలలోనే బదిలీ చేశారు. చేసుకోనీ. పీకించనన్నందుకు ఇవాళ్టికీ నాకు విచారం లేదు. రాయి కదిలిందని తిట్టడానికి పెద్ద చదువులక్కర్లేదు. ఎందుకు కదిపారని మర్యాదగా అడగాలి. నా ఉద్యోగం నాకు నేర్పింది అదే.

బయల్దేరేముందు రామనాథం గారు, “కొత్త రాయి ఎక్కడ పాతమంటావమ్మా? దానికీ మొక్కుతారా?” అన్నారు.

“ఎక్కడ పాతినా మొక్కుతాం బాబూ,” అంది వెంకాయమ్మ. “అది ఎక్కడిదక్కడ ఉండాలంటే, ముందు కట్ట పొయ్యండి.”

పోశారు.