వెనక సీటు ఒప్పుకున్న టైర్లు

మా వ్యాన్‌కు టైర్లు మార్చవలసి వచ్చినప్పుడు ఇంట్లో ఎవరికీ అది చెప్పుకోదగిన విషయంగా తోచలేదు. మద్రాసు సౌకార్‌పేటలో స్టీలు పాత్రల హోల్‌సేల్ వ్యాపారం చేసే కుటుంబం మాది. వారమంతా ఆ వ్యాన్ వెనక సీట్లు విప్పేసి రాయపురం గోడౌన్ నుంచి అంగడికి సరుకు మోస్తుంది. ఆదివారం సీట్లు బిగిస్తే అదే కుటుంబ వాహనం. లెక్కలు నావి, అంగడి, స్టీరింగు మా తమ్ముడివి. ఇంతకాలం టైరు అరిగితే వాడే పోయి కొత్తవి వేయించేవాడు, నేను బిల్లు ఫైలులో పెట్టేవాణ్ణి. ఈసారి టైర్లు నేనే ఎంచుతానని చెప్పాను. దానికి కారణం నా భార్య.

కొన్నేళ్ల కిందట ఒక విషజ్వరం ఆమె ఎడమ చెవిని పూర్తిగా తీసుకుపోయింది. కుడి చెవికి వినికిడి యంత్రం పెట్టుకుంటుంది. ఇంట్లో, అంగట్లో ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బందంతా వ్యాన్‌లోనే. ఆ యంత్రానికి మనిషి గొంతూ చక్రాల హోరూ ఒకటే. రెంటినీ సమానమైన శ్రద్ధతో పెంచుతుంది. ఊరు దాటేలోగా ఆమె దాన్ని తీసి సంచిలో వేసుకొని, మిగిలిన దారంతా కిటికీలోకి చూస్తూ కూర్చునేది.

తమిళుల పెరటాసి నెలలో ఒక శనివారం తిరుపతికి పోవడం మా ఇంటి ఆనవాయితీ. అందులో ఒక కట్టడి ఉంది. వ్యాన్ మద్రాసు పొలిమేర దాటగానే ఇంటి పెద్దకోడలు గోవింద నామాలు ఎత్తుకోవాలి. ఆమె ఒక్కొక్క నామం చెబుతుంది, తక్కినవాళ్లు ‘గోవిందా’ అంటారు. మా అమ్మ తరవాత ఆ పని నా భార్యకు వచ్చింది. చెప్పేవాళ్లకు నామాలు వస్తే చాలదు. బదులు ఎక్కడ ముగిసిందో వినబడాలి, అప్పుడే తరవాతి నామం అందుకోగలరు. కిందటి ఏడు ఆమెకు అది వినబడలేదు. ఒకసారి మా గోవిందా మీదే తన నామం పడింది, మరొకసారి మేము ముగించాక కూడా ఆమె కాచుకొని ఉండిపోయింది. పిల్లలు నవ్వు ఆపుకోలేకపోయారు. తిరుత్తణి రాకముందే ఆమె తోడికోడలి చెయ్యి తట్టి, "నువ్వు చెప్పు" అన్నది.

ఈ ఏడు ప్రయాణం మాట వచ్చినప్పుడు ఆమె ఒక్కటే అన్నది.

"మీరు పోయి రాండి. అంగడి చూసేదానికి ఒకరు ఉండాల గదా."

పెరటాసి శనివారం మా అంగడి తెరవము. ఆ సంగతి నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు.

ఆ హోరుకు మూలం వెదికితే అది మా వృత్తిధర్మంలోనే దొరికింది. పాత్రల వ్యాపారంలో సరుకు విలువ తూకంతో, రేకు మందంతో తేలుతుంది. ఏ బిందెనైనా ముందు చేత్తో ఎత్తి చూస్తాం, పిమ్మట గోటితో మీటి వింటాం. మా తమ్ముడు టైర్లనూ అలాగే కొన్నాడు. కొట్లో ఒక్కొక్కటీ ఎత్తి చూసి, అన్నిటికన్నా బరువైనవి, లోతైన గాళ్లతో పెద్ద పెద్ద రబ్బరు దిమ్మలున్నవి ఎంచుకున్నాడు. "రబ్బరు జాస్తి, రేటు మాత్రం అదే" అని ఆనాడు సంతోషంగా చెప్పాడు. మట్టి దారుల కోసం చేసిన ఆ దిమ్మలు తారురోడ్డు మీద ఒకదాని వెంట ఒకటి కొట్టుకుంటూ పోయేవి. పైగా ఎగుడుదిగుడుగా, రంపపు పళ్లలా అరిగి, నెలనెలకూ గొంతు పెంచుకున్నాయి.

నేను మొదట కాగితాల్లో వెదికాను. విదేశాల్లో టైరు మీద అతికించే చీటీలో శబ్దానికి ఒక అంకె ఉంటుంది. అయితే అది రోడ్డు పక్కన నిలబడినవాడి చెవికి సంబంధించినది. లోపల కూర్చున్నవాళ్ల సంగతి అందులో లేదు. నాకు కావలసిందేమో మా వ్యాన్ చివరి వరస, వెనక ఇరుసుకు సరిగ్గా పైన ఉన్న సీటు. ఆ సీటుకు చీటీ ఎవరూ రాయలేదు కాబట్టి, మా వ్యాన్ వంటివే బాడుగ వ్యాన్లు నిలిచే వాల్‌టాక్స్ రోడ్డుకు పోయి, వాటి టైర్లు వంగి చూడడం మొదలుపెట్టాను. నచ్చిన టైరున్న వ్యాన్‌ను బాడుగకు మాట్లాడాను. ఆ డ్రైవరు సూళ్లూరుపేట మనిషి.

"ఏ ఊరికి సార్?"

"ఏ ఊరికీ వద్దు. రెడ్‌హిల్స్ దాటి కొంత దూరం పోయి తిరిగి వద్దాం. టైరు చప్పుడు వినాలి."

"బాగుంది సార్! పెండ్లికూతుర్ని చూసేదానికొచ్చి చెప్పులు చూసి పోతామంటుండారే!"

నా భార్యను చివరి వరసలో కూర్చోబెట్టాను. నేను డ్రైవరు పక్కన కూర్చొని, వెనక్కి తిరగకుండా, మామూలు గొంతుతో ఎక్కాలు అడిగాను. ఆమె బదులు చెప్పాలి. నెమ్మదిగా పోతున్నంతసేపూ ఠక్కున చెప్పింది. హైవే మీద వేగం అందుకున్నాక, "పదమూడు ఆర్లు?" అన్నాను. జవాబు లేదు. మళ్లీ అడిగాను. లేదు. నా ఫోనులోని శబ్దమాపకం మాత్రం మా వ్యాన్ కన్నా తక్కువ అంకె చూపుతోంది. దిగాక ఆమెకు దాన్ని చూపించాను.

"మీ ఫోను తక్కువంటుంది. నా చెవికి ఇది తుమ్మెద. తుమ్మెద చిన్నదే, అయినా పొమ్మంటే పోతుందా?"

నా పద్ధతిలోని లోటు ఆ ఒక్క మాటతో తేలిపోయింది. ఎంత చప్పుడన్నది కాదు, ఎటువంటి చప్పుడన్నది ముఖ్యం. టైరు చుట్టూ దిమ్మలన్నీ ఒకే కొలతలో ఉంటే, అన్నీ కలిసి ఒకే శ్రుతి పట్టుకుంటాయి. చిన్నా పెద్దా కలిపి అమర్చినవైతే ఆ చప్పుడు చెదిరిపోతుంది. చెదిరిన చప్పుడులోంచి మాటను ఏరుకోవచ్చు.

మరుసటి ఆదివారం ఎక్కిన వ్యాన్ ఆమెకు ఎంతో నచ్చింది. ఎక్కాలన్నీ చెప్పింది. నేను గెలిచాననుకొని ఇంటికి వచ్చి తమ్ముడికి ఫొటో చూపించాను. వాడు టైరు పక్కన అచ్చువేసిన, ఎంత మోయగలదో చెప్పే బరువు అంకె చూసి తల అడ్డంగా ఊపాడు.

"అన్నా, ఇది కారు టైరు. వదినకు బాగుంటుంది, మన అండాలకు, బిందెలకు బాగుండదు. గోడౌన్ లోడు ఎక్కిస్తే రాయపురం బ్రిడ్జి మీదే కూర్చుంటుంది."

వాడు చెప్పింది నిజం. ఎంత మెత్తగా పలికినా, మోయవలసిన బరువు మోయలేని టైరు మా వ్యాన్‌కు తగదు. దాన్ని కొట్టివేశాను.

మూడవ వ్యాన్ టైరు మీద అడ్డ దిమ్మలు లేవు. చుట్టూ నిలువు పట్టీలు, వాటి అంచుల్లో ఒక కొలత లేని సన్నని కోతలు. బరువు అంకె మా వ్యాన్‌కు చెప్పినదే. హైవే ఎక్కాక చేటలో బియ్యం చెరుగుతున్నట్టు ఒక చప్పుడు, అంతే. పందొమ్మిదో ఎక్కం దాకా పోయాను, ఒక్కటీ తప్పలేదు. డ్రైవరు నా వైపు వంగి, గొంతు తగ్గించి అడిగాడు.

"సార్, అమ్మగారు లెక్కల టీచరా?"

"కాదు నాయనా, పాత్రల అంగడి!" అన్నది ఆమె చివరి సీటునుంచి.

ఆ మాట విని నేను ముందుకు చూస్తూనే కళ్లు తుడుచుకున్నాను. డ్రైవరు ఏమనుకున్నాడో తెలియదు.

కొట్లో ఆ టైరును తమ్ముడు ఎత్తి చూశాడు. "తేలిగ్గా ఉంది పా" అంటూ, అలవాటు చొప్పున గోటితో ఒకసారి మీటాడు కూడా. కొట్టువాళ్లు నవ్వారు. నాలుగూ ఒకే రకం వేయించాను, చక్రాల అలైన్‌మెంటు సరిచేయించాను. సరుకున్న రోజు గాలి ఎంత, మనుషులున్న రోజు ఎంత అన్న రెండు అంకెలు రాసి డ్రైవరు తలుపు మీద అతికించాను. ఒకే గాలితో అన్ని రోజులూ నడపడం తమ్ముడి అలవాటు.

ఆ తరవాత కొన్ని రోజులు నాకు అన్నం సయించలేదు. కొత్త టైర్లు గరగరమన్నాయి. తమ్ముడు వదిన మాటే పట్టుకొని ఎగతాళి చేశాడు.

"ఏంది అన్నా, రూక పోసి కొత్త తుమ్మెదను కొనుక్కొస్తివా?"

కొత్త రబ్బరు పైపొర పోయేదాకా ఓపిక పట్టాలని చదివి ఉన్నాను. పట్టాను. గోడౌన్ తిరుగుళ్లు పెరిగేకొద్దీ గరగర సన్నగిల్లింది. ఒక ఆదివారం సీట్లు బిగించి, ఇంటివాళ్లందరినీ ఎక్కించుకొని ఎన్నూరు దాకా పోయి వచ్చాము. నా భార్య యంత్రం తీయలేదు. వంటింట్లోకి పోగానే తోడికోడలితో అనడం నా చెవిన పడింది.

"ఈ తడవ నామాలు నేను చెప్తా."

"నువ్వే చెప్పక్కా! పోయినేడు నేను నడుమ ఒకే నామం రెండు తూర్లు చెప్పినా. ఎవరూ కనుక్కోలే."

"నాకు వినపడుంటే కనుక్కుందును."

శనివారం తెల్లవారి బయలుదేరాము. ఆమె పట్టుచీర కట్టుకొని చివరి వరసలో కూర్చున్నది. ముందుకు రమ్మంటే రాలేదు. మద్రాసు పొలిమేర దాటగానే గొంతు సవరించుకొని మొదటి నామం చెప్పింది. మేము గోవిందా అన్నాము. మా గోవిందాలో చివరి అక్షరం ముగిసీ ముగియకముందే రెండవ నామం వచ్చింది, మూడవది వచ్చింది. ఎక్కడా తొట్రుపాటు లేదు. పిల్లలు ఆటగా గోవిందాను సాగదీశారు. ఆమె అంతవరకూ ఆగింది. కుదించారు, ఆమె వెంటనే అందుకుంది. అటుపిమ్మట వేగం తానే పెంచింది. తిరుత్తణి వచ్చింది, పోయింది. నగరి దగ్గర మా గొంతులు బొంగురుపోయాయి. స్టీరింగు ముందు తమ్ముడు గోవిందాకు, గోవిందాకు నడుమ ఊపిరి కోసం వెతుక్కుంటున్నాడు.

"అక్కా, గుక్కెడు నీళ్లన్నా తాగనీవా!" అని మా మరదలు మొరపెట్టుకుంది.

"తాగండి, తాగండి" అన్నది నా భార్య, చీర కొంగు నడుముకు దోపుకుంటూ. "పుత్తూరు వచ్చేలోపల ముగిస్తాం. ఆడనించి మళ్లా మొదటినించి."