స్వరూపరాణి చెప్పని చరణం

ఎల్బీనగర్ దిక్కు ఆ గల్లీల బతుకమ్మ పాట ఎత్తేది స్వరూపరాణే. ఆమె చరణం అందుకుంటే చుట్టూ తిరిగేటోళ్లంత "ఉయ్యాలో" అనాలె, అంతే. నల్లగొండ పక్క పల్లెల తల్లి నేర్పిన పాట అది, ఇంకెవ్వరికీ రాదు. ఆ గర్వం ఉన్నదా అంటే ఉన్నది. ఎందుకుండొద్దు?

దవుడల గడ్డ లేచినంక కథ తిరగబడ్డది. దిల్‌సుఖ్‌నగర్ల ఒక దవాఖానల పాడైన ఎముకను పండ్లతోటి సహా తీసి, కాలి ఎముక ముక్క పెట్టి, ప్లేటు, స్క్రూలతోటి బిగించిన్రు. ఆ యేడు పండుగకు ఆమె మంచం మీదుంటే ఎదురింటి కోడలు శ్రీకళ పాట ఎత్తింది. తుర్కయంజాల్ పిల్ల. ఫోన్ల చూసుకుంట పాడినా గొంతు మంచిగున్నదని అందరు మెచ్చుకున్నరు.

ఇగ చూడు, కండ్లల్ల నిప్పులు పోసుకునుడంటే ఏందో! శ్రీకళ గడపల కూసోని మక్కకంకి కొరుకుతుంటే చాలు, జావ తాగే స్వరూపరాణికి ఒళ్లు మండేది. "ముప్పై రెండు పండ్లున్నయని మురిపెం" అని మొగుడు కనకరాజు దగ్గర సణిగేది.

"పండ్లుంటే తినదా ఏంది?" అన్నడు ఆయన. ఆ పూట ఆయనకు చాయ్ లేదు.

మళ్ల పండుగ దగ్గర పడంగ దవుడ కింద చిన్న రంధ్రం పడి చీము కారబట్టింది. లోపల చిగుళ్లు చీలి, ప్లేటు అంచు నాలుకకు తగులుతున్నది. డాక్టర్ చూసి, "స్క్రూ వదులైందమ్మా, ఇన్‌ఫెక్షన్ ఉంది. ప్లేటు వెంటనే తియ్యాలి. అప్పటిదాకా నోరు పెద్దగా తెరవొద్దు" అన్నడు. బయట ఆటోల కూసున్న కనకరాజుకు ఆమె ఏం చెప్పింది? "పండుగైనంక రమ్మన్నడు." పచ్చి అబద్ధం! ఇంకో యేడు శ్రీకళకు పాట అప్పజెప్పుడు కంటె చచ్చుడు నయమనుకున్నది పిచ్చిది.

ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు పట్టుచీర కట్టి, చెంపకు కొంగు అడ్డం పెట్టుకొని పాట ఎత్తింది. గల్లీ గల్లీ "ఉయ్యాలో" అన్నది. పానం లేచొచ్చింది. ఇంకో చరణం, ఇంకోటి, గొంతు పెంచింది. దవుడల టక్కుమన్నది. నోటినిండ నెత్తురు. పాట ఆగింది.

ఆగిన కాడికెల్లి శ్రీకళ అందుకున్నది. ఫోన్ల పాట కాదు, స్వరూపరాణి తల్లి పాటే! యేండ్లు బతుకమ్మ చుట్టూ ఆమె ఎనుక తిరిగి తిరిగి నేర్చుకున్నది, ఆమె పాటని ఇన్నొద్దులు ఎత్తలే. ఆటో ఎక్కిస్తుంటే స్వరూపరాణి ఏడ్చింది. నొప్పికి కాదు, దానికే.

దవుడల పెట్టిన ఎముక విరిగింది. ప్లేటుతోపాటు దాన్ని గూడ తీసిన్రు. "మాట వస్తుంది, పాట సంగతి చెప్పలేం" అన్నడు డాక్టర్.

శ్రీకళ గంజి పట్టుకొని ఇంటికొచ్చి మంచం పక్కన కూసున్నది. "అక్కా, ఆఖరి చరణం నాకు రాదు. నువ్వు అందుకునేసరికే అందరు బతుకమ్మలు ఎత్తుకునేటోళ్లు, లొల్లిల వినపడకపోయేది. జర చెప్పవా?"

చెప్పొచ్చు. ముద్దముద్దగనన్న మాట వస్తనే ఉన్నది. స్వరూపరాణి ఆ పిల్ల పండ్ల దిక్కు చూసింది.

"మర్శిపోయిన" అన్నది.

శ్రీకళ నమ్మింది. మళ్ల అడగలే.

ఈ యేడు సద్దులకు స్వరూపరాణి చప్పట్లు కొట్టుకుంట అందరి ఎనుక తిరిగింది. శ్రీకళ ఆఖరి చరణం లేకుంటనే పాట ముగించింది. "ఆగున్రే, ఇంకొకటున్నది" అనబోయింది స్వరూపరాణి. ఆడోళ్లు నవ్వుకుంట బతుకమ్మలు ఎత్తుకొని నడిసిన్రు. ఏదో తక్కువైందని ఒక్కరికి తెల్వలే.