వీపు మీది కొసరు

సోమందేపల్లె మొత్తంలో వీడియో గేమ్ వీరుడి వేషాన్ని వేరుశనగ గోతాలతో కుట్టించి, దానికి లారీలకు రంగులు వేసే మనిషి చేత రంగు వేయించుకున్న మొదటివాణ్ణి నేనే. ఆఖరివాణ్ణి కూడా నేనే. ఆ ఘనతను ఇన్నేళ్ళలో ఎవరూ దాటలేదు, దాటాలని ఎవరికీ బుద్ధి పుట్టినట్టు కూడా లేదు. హిందూపురంలో నాటకాల డ్రెస్సులు అద్దెకిచ్చే కొట్లో డెబ్బై రూపాయలు పారేస్తే కృష్ణుడైనా, పోలీసైనా, కిరీటంతో సహా, లాఠీతో సహా ఒక రోజుకు మనవాడు. ఆ సంగతి నాకు బాగా తెలుసు. తెలిసే, పదిరోజులు ఆలోచించి, లెక్కలు వేసుకుని మరీ ఈ నిర్ణయం తీసుకున్నాను.

ఆ రోజుల్లో, అంటే రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, మా ఊరి బస్టాండు పక్కన ఒక రేకుల గదిలో రెండు టీవీలు పెట్టి వీడియో గేములు ఆడనిచ్చేవారు. అరగంటకు ఐదు రూపాయలు. మాది బట్టల కొట్టు. బేరంలో పుట్టి బేరంలో పెరిగినవాణ్ణి. అమ్మ వడ్డిస్తుంటే మొదట ‘చాలు చాలు’ అనేవాణ్ణి (అలా అంటేనే ఇంకో ముద్ద ఎక్కువ పడుతుంది). కొట్లో నేను నేర్చుకున్న మొదటి శాస్త్రం కొసరు. చీర కొన్నావిడ దుడ్లు ఇచ్చేశాక ‘కొసరేమన్నా ఇయ్యప్పా’ అని నిలబడుతుంది. నాయన వెనక్కి చెయ్యి చాపి, ముక్కల బుట్టలో చేతికేది తగిలితే అది ఇస్తాడు. ‘ఎర్రది ఇయ్యొచ్చు కదన్నా’ అని ఆవిడ అంటే ఒకటే జవాబు: ‘కొసరు ఇచ్చేవాని ఇష్టం తల్లీ. అడిగి తీసుకున్యాక రంగు అడగగూడదు.’ ఈ సూత్రం నాకు పలకా బలపం కన్నా ముందు వచ్చు.

ఇక ఆ రేకుల గది టీవీలో ఒక వీరుడు ఉండేవాడు. ఆటలో అతని పేరు ఏదో జపాను అక్షరాల్లో ఉండటంతో మేమే ‘పిడుగన్న’ అని పెట్టుకున్నాం. ఎర్రటి భుజాలు, ఆకుపచ్చ ఛాతీ, దాని మీద పసుపు చారలు, రెండు పక్కలా రెండు గుండ్రటి వెలిగే బిళ్ళలు, నడుముకు వెడల్పాటి వెండి పట్టీ, నుదుట ఒక దీపం. గిర్రున ఒక చుట్టు తిరిగి పిడికిలి ఎత్తాడంటే ఎదురుగా ఉన్న రాక్షసులందరూ బూడిదే. (ఈ వర్ణన మళ్ళీ ఒకసారి చదివితే మీకేదో వాహనం గుర్తుకు రావచ్చు. నాకప్పుడు రాలేదు.) నేను పదో తరగతి. స్కూలు వార్షికోత్సవంలో విచిత్ర వేషధారణ పోటీ అనీ, విజేతలకు ‘ఆకర్షణీయమైన బహుమతులు’ అనీ నోటీసు అంటించారు. ఆకర్షణీయం అంటే నా నిఘంటువులో వంద రూపాయల నోటు. అంతకన్నా ఆకర్షణీయమైనది లోకంలో ఇంకేముంటుంది?

గోతాలు రెండు, ఒక్కోటి మూడు రూపాయలకు దొరికాయి. వాటి మీద తొడగడానికి గుడ్డ కావాలి. కొట్లో అడుగు అరలో ఎలుకలు కొట్టిన ముతక తెల్లగుడ్డ తాను ఒకటి రెండేళ్ళుగా పడి ఉంది.

“నాయనా, అది ఎట్లా అమ్ముడుపోదు కదా, నాకియ్యి.”

“పోదని ఎవురు చెప్పినారు? ఇప్పుడు గిరాకీ వచ్చె కదా. ముప్పై.”

“కొడుకుని నాయనా!”

“అందుకే ముప్పై. బయటోనికైతే ఇరవై అయిదుకే ఇస్తాంటి, వాడు మళ్ళా రావాల కదా. నువ్వు యాడికి పోతావు?”

పద్దెనిమిదికి తెగింది, మూడు ఆదివారాలు కొట్టు ఊడ్చే షరతు మీద. తండ్రిని గెలిచానని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తరువాత కుట్టు. మా కొట్టు అరుగు మీద మిషను పెట్టుకుని రవికెలు కుట్టే ఆవిడను అందరం ‘మిషనత్త’ అనేవాళ్ళం. ఆ మిషను తోలు బెల్టు ఎప్పుడో తెగితే ముడివేసి నడుపుతోంది. చక్రం తిరిగినప్పుడల్లా ఆ ముడి ‘టక్’మని కొట్టుకునేది. రోజంతా మా కొట్లో గోడ గడియారం అక్కర్లేదు. గోతాలు చూపించగానే అత్త అద్దాల పైనుంచి చూసి అరవై అంది. నేను నలభై అన్నాను.

“అదీ బహుమతి వచ్చినాకనే అత్తా.”

“రాకపోతే?”

“వస్తాదిలే.”

“రాకపోతే అని కదరా అడుగుతాండేది.”

“రాకపోతే... లేదు.”

“అంటే మూడు దినాలు నా పని ఇడిసిపెట్టి నీ వేషం మీద నేను పందెం కాయాలనా?”

“పందెం యాడిది? నువ్వు పార్ట్‌నరు అత్తా.”

ఆ ఒక్క మాటకు అత్త మెత్తబడింది. ఆవిణ్ణి అంతకుముందు ఎవరూ దేనికీ పార్ట్‌నరు అనలేదనుకుంటాను. “సరే, ఆ నలభైతో బెల్టు మార్చుకుంటా. మాట తప్పితివా, నీ పెండ్లికి సూటు ఈ గోతాంతోనే కుడతా” అంది. మూడు మధ్యాహ్నాలు కుట్టింది. గోనె మందానికి మూడు సూదులు విరిగాయి. విరిగినప్పుడల్లా నా వంక చూసేది. నేను రోడ్డు వంక చూసేవాణ్ణి.

మిగిలింది రంగు. హైవే పక్కన షెడ్డులో లారీలకు రంగులు వేసే పెద్దమనిషి ఉండేవాడు. చెవి మీద కుంచె ఎప్పుడూ ఉండబట్టి అతనికి ‘బ్రష్షు మామ’ అని పేరు. నోటుపుస్తకంలో పెన్సిలుతో గీసి, ఎక్కడ ఏ రంగో రాసిన బొమ్మ చూపించాను. ముందూ వెనకా కలిపి అరవై అన్నాడు. ‘వీపు ఎవురు చూస్తారు మామా, ముందర ఒక్కటే వెయ్యి’ అని అరగంట వాదించి పాతికకు దించాను. అక్కడితో లేచి వచ్చి ఉంటే ఈ కథ లేదు. కాని దుడ్లు చేతిలో పెట్టాక నా రక్తం ఊరుకోలేదు.

“మామా, కొసరుగా వీపుకు గూడా ఒక చెయ్యి వేసెయ్ రాదా?”

అతను కుంచె చెవి మీద నుంచి తీసి నన్ను తేరిపార చూశాడు. “కొసరా?”

“కొసరే.”

“మళ్ళా అది కావాల, ఇది కావాల అనవు కదా?”

“ఎందుకంటా మామా? కొసరు ఇచ్చేవాని ఇష్టం!” నాయన గొంతుతోనే అన్నాను. మామ నవ్వాడు. ఆ నవ్వు దగ్గర నేను కాస్త ఆగి ఉండాల్సింది.

వార్షికోత్సవం సాయంత్రం తెచ్చుకోవడానికి పోతే వేషం షెడ్డు గోడకు ముందువైపు కనబడేలా వేలాడుతోంది. చూసి నాకు కళ్ళు చెమర్చాయి (సగం టర్పెంటాయిలు ఘాటుకు). భుజాలు నిగనిగ, ఛాతీ తళతళ. “వీపు యింకా ఆరలేదబ్బీ, చెయ్యి పెట్టద్దు” అన్నాడు మామ. వెదురు కర్రకు తగిలించి, జెండా మోసినట్టు మోసుకుంటూ స్కూలుకు పరుగెత్తాను. ఏడో తరగతి గదిలో మిషనత్తే నాకు తొడిగి వెనక నాడాలు కట్టింది. కడుతూ ఒక క్షణం ఆగింది. ఏదో అడగబోయి, మానేసింది. అప్పటికి నేను కూర్చోలేను, వంగలేను, మోచేతులు మడవలేను. లారీ పెయింటు ఎండితే రేకు అవుతుందని అప్పుడే తెలిసింది. లోపల గోనె దురద, బయట రేకు. గోక్కోవాలంటే గోడకు రాసుకోవాలి, గోడకు రాసుకుంటే రంగు పోతుంది.

నా ముందు నలుగురు కృష్ణులు, ఇద్దరు పోలీసులు వెళ్ళారు. అందరూ హిందూపురం సరుకే. నా పేరు పిలిచారు. కాళ్ళు కూడా సరిగా మడత పడక, బొమ్మలా పక్కలకు ఊగుతూ వేదిక మధ్యకు చేరి పిడికిలి ఎత్తాను. చప్పుడు లేదు. జనంలో గేమ్ ఆడినవాళ్ళు పదిమంది ఉంటే ఎక్కువ. జడ్జీగా వచ్చిన రిటైర్డు మాస్టారు కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశారు. ఇక లాభం లేదని పిడుగన్న అసలు విద్య బయటికి తీశాను. గిర్రున తిరిగాను. తిరిగానంటే ఆ దుస్తుల్లో నెమ్మదిగా, రివర్సు తీసుకుంటున్నట్టుగా. నా వీపు జనం వైపు వచ్చిన క్షణాన స్కూలు పైకప్పు లేచిపోయేంత నవ్వు పుట్టింది.

ఆ వీపు మీద ఏముందో నేను తరువాత చూశాను కాని, మీకు ఇప్పుడే చెప్పాలి. అటొకటి ఇటొకటి రెండు నెమళ్ళు. మధ్యలో వంపులు తిరిగిన అక్షరాలతో ‘హారన్ ఇవ్వండి’. దాని కింద ‘మళ్ళీ కలుద్దాం’. అడుగున నాలుక చాచిన నల్లటి దిష్టి బొమ్మ. పాతిక రూపాయల ముందుభాగం మీద లేని పనితనమంతా అక్కడే ఉంది.

వెనక బెంచీల నుంచి ‘పాం... పాం...’ అని మొదలై క్షణంలో మైదానమంతా హారన్లు. మాస్టారు మైకు పట్టుకుని, “బాబూ, ఇంతకీ ఏం వేషం నాయనా ఇది?” అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ‘పిడుగన్న సార్’ అని అరవడానికి నోరు తెరిచాను. అప్పుడు మూడో వరుసలో మిషనత్త కనబడింది. అంతమందిలో నవ్వనిది ఆవిడ ఒక్కతే. చేతులు ఒళ్ళో పెట్టుకుని, కుడికాలితో నేల మీద లేని మిషను తొక్కుతోంది. కంగారు పుడితే అలా తొక్కడం ఆవిడకు అలవాటు. నాకు ‘టక్... టక్’ వినిపించింది. నా పరువుకూ ఆ బెల్టుకూ మధ్య జీవితంలో అతి తక్కువ సమయంలో తెగిన బేరం అది.

“లారీ సార్” అన్నాను.

“ఏదీ, హారన్ కొట్టు!”

“పాం. పాం.”

“రివర్సు?”

నాలుగడుగులు వెనక్కి నడిచాను. మొదటి బహుమతి నాకే.

ఆకర్షణీయమైన బహుమతి మూడు గిన్నెల స్టీలు క్యారియరు. మూతమీద ‘ప్రథమ బహుమతి’ అని చెక్కి ఉంది. మరునాడే సామాన్ల కొట్టుకు అమ్మబోయాను. “పేరు కొట్టిన సామాను ఎవురు కొంటారప్పా?” అని తిప్పి పంపాడు. సరే, అత్తకే ఇవ్వబోతే, “క్యారియరు తొక్కితే రవికెలు కుడుతుందా? నువ్వన్నది నలభై” అంది. వీపు మీది రాతలు కట్టేటప్పుడే చూసి ఎందుకు చెప్పలేదని అడిగితే, “చదివినా. ఆ ఆటలో అట్లే ఉంటాదేమో అనుకుంటి. నువ్వు తెలివైనోడివి కదా” అంది. బ్రష్షు మామ మీదికి యుద్ధానికి పోతే అతను తాపీగా, “ముందరిది నువ్వు బేరమాడిన పని. ఎనకది నా పని. బహుమానం దేనికిచ్చినారు?” అన్నాడు. ఆ తరువాత స్కూలు వదిలేదాకా నా పేరు లారీయే. హైవే మీద ముందు పోయే లారీ వెనక నెమళ్ళు కనబడితే నేటికీ నా మోచేతులు కాస్త బిగుసుకుంటాయి. ఓవర్‌టేక్ చేసేముందు, ఆ పెయింటరుకు గౌరవంగా, రెండుసార్లు హారన్ కొడతాను.

ఇక బిల్లు. గుడ్డ పద్దెనిమిది, గోతాలు ఆరు, రంగు పాతిక. వెరసి నలభై తొమ్మిది. ఊళ్ళో నేను చెప్పుకున్నది ఇంతవరకే. చెప్పుకోనివి: అత్తకు, విరిగిన సూదులు మూడింటికి, ఆరు రూపాయలు. ఒంటికి అంటిన రంగు వదలడానికి కిరోసిను ఐదు. ఎనిమిది వారాలు గేమ్ గది ముందు తల తిప్పుకుని నడిచి కూడబెట్టిన నలభైకి మిషను బెల్టు. దాని కోసం హిందూపురం పోయి వచ్చిన బస్సు చార్జీ పది. మొత్తం నూట పది. అద్దె కృష్ణుడికి డెబ్బై. నష్టం నలభై. ఆ బెల్టు ముప్పైకే వచ్చేదని దాన్ని చూడగానే నాకు తెలిసింది. బేరమాడలేదు. దుడ్లు ఇచ్చేశాక కొట్టువాడు అలవాటుగా ఒక క్షణం నా వంక చూశాడు, అడుగుతానేమోనని. కొసరు కూడా అడగలేదు.